ముందు మీరు వాసన చూడండి

ఎదురింటి పిన్నిగారికి వాళ్ళ మరిది చెప్పాడట. కస్టమ్స్ ఆఫీసులో సుంకం తేల్చే ముక్కుసారు, సీసా మూత తియ్యకముందే లోపల ఉన్నదేమిటో చెప్పేస్తాడట. ఓడ రేవుకు ఆమడ దూరంలో ఉండగానే గాలి పీల్చి, ఏ సరుకుకి ఎంత సుంకమో లెక్క కట్టేస్తాడట.

ఇదంతా పిన్నిగారు చెబుతున్నది ఎవరికో కాదు, పంచదార బదులడగడానికి వచ్చిన ముక్కుసారు భార్యకే.

"వెళ్ళాలి పిన్నిగారూ, ఇంటికి పెద్దసారు వస్తున్నారు. పొయ్యి మీద..."

"పొయ్యెక్కడికి పోతుందే! నువ్విది విను." పిన్నిగారు చెయ్యి వదల్లేదు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుణ్ణి పొగిడితే సిగ్గుపడుతోందనుకుంది పిన్నిగారు.

మరిది కోతలు పక్కన పెడితే, మొన్న జరిగింది మాత్రం నిజం. కాలేజీ ల్యాబులకంటూ ఒక ఏజెంటు లారీడు పీపాలు దింపాడు. ల్యాబులో వాడే ఆర్గానిక్ రసాయనం, అదీ కలగలుపు లేని ఒకే ఒక్కటైతే, టారిఫ్ పుస్తకంలో ఇరవై తొమ్మిదో అధ్యాయం. సుంకం తక్కువ. అలాంటివే నాలుగైదు కలిపి అత్తరు సరుకు చేస్తే ముప్పై మూడు. సుంకం నడ్డి విరుస్తుంది.

ముక్కుసారు ఒక పీపాలోంచి చిన్న సీసాలోకి కాస్త తీయించి, ఎప్పటిలాగే ఏజెంటు చేతికిచ్చాడు.

"ముందు మీరు వాసన చూడండి."

"నేనెందుకు సార్?"

"మీ సరుకు కదా. మర్యాద."

ఏజెంటు చూశాడు. "గులాబీ సార్. ఒట్టి గులాబీ. అచ్చంగా ల్యాబుదే."

ముక్కుసారు సీసా ముక్కు కింద పెట్టుకున్నాడు. కళ్ళు ఏజెంటు మీద పెట్టాడు. పీల్చాడు. పీలుస్తూనే ఉన్నాడు. ఏజెంటు నుదురు చెమర్చింది. మెడ చెమర్చింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఒక్కటేనా?" అన్నాడు ముక్కుసారు మెల్లగా.

"రెండు సార్... కాదు, నాలుగు! సబ్బుల కంపెనీకి సార్! బుద్ధి గడ్డి తిని..."

"ముప్పై మూడు," అని రాసేశాడు ముక్కుసారు. ఆఫీసంతా బల్లలు చరిచింది.

ఆ చప్పుడు పెద్దసారు చెవిన పడింది. రసాయనాల కోసం కొత్తగా పెడుతున్న పరీక్ష విభాగానికి ఒక అధిపతి కావాలి. సొంత గది, జీపు, మేడ మీద క్వార్టరు. ముక్కుసారు ఆ కుర్చీ మీద ఎప్పుడో కన్నేశాడు. ఆదివారం పొద్దున్నే, ఆ ముక్కేదో స్వయంగా చూసి తేల్చుకుందామని పెద్దసారే ఇంటికొచ్చాడు.

వచ్చి కూర్చున్నాడో లేదో, రుమాలు తీసి ముక్కు మూసుకున్నాడు. పాపం, జలుబేమో అనుకున్నాడు ముక్కుసారు.

"ఏదీ, మీ విద్య చూపించండి. ఇప్పుడీ గదిలో ఏం వాసన?"

"ముందు మీరు..."

"నేను కాదు, మీరే చెప్పాలి!"

రుమాలు వెనకాల పెద్దసారు మొహం సగం కనబడటం లేదు. ముక్కుసారు కళ్ళు మూశాడు. తెరిచాడు. రుమాలు అంచున కుట్టిన ఎర్రపువ్వు ఒకటి కనిపించింది.

"మీ రుమాలుకి రాసిన అత్తరు సార్. గులాబీ."

పెద్దసారు ఎగిరి లేచాడు. "ఓరి మీ అసాధ్యం కూలా! ఇంత ఘాటు కిందనుంచి నా అత్తరు పట్టేశారే!"

ఏ ఘాటో ముక్కుసారుకి తెలియలేదు. ఎందుకైనా మంచిదని నవ్వాడు. పెద్దసారూ నవ్వాడు. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని మరీ నవ్వారు.

"కుర్చీ మీదే! రేపే ఆర్డరు!"

అంతలో భార్య పంచదార గ్లాసుతో వచ్చింది, వెనకే పిన్నిగారు. గుమ్మంలోనే ఠక్కున ఆగింది. గ్లాసు పిన్నిగారి చేతిలో పడేసి వంటింట్లోకి పరుగెత్తింది.

"ఏమ్మా, మీ ఆయన ముక్కుకి ఏం పెట్టి పెంచారు?" అని కేకేశాడు పెద్దసారు.

నల్లటి గిన్నెని గుడ్డతో పట్టుకుని ఆవిడ బయటికొచ్చింది.

"ఏం ముక్కండీ నా తలకాయ! పాలు మాడి బొగ్గవుతుంటే పక్కగదిలో కూర్చుని నవ్వుతున్నారు, రెండేళ్ళ కిందట జలుబు చేసినప్పట్నుంచీ ఈయనకి వాసనే తెలీదు కదండీ!"