గీత పడకూడదు

ఆ మనిషి కొట్టు ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. నాలుగోసారి లోపలికి వచ్చాడు. 

"రండి సార్, ఏం కావాలి?" అన్నాడు కొట్టాయన.

ఆ మనిషి నుదుటి చెమట తుడుచుకున్నాడు. చుట్టూ చూశాడు. కార్లకి సైకిళ్లు కట్టుకెళ్లే రాక్‌లు గోడల నిండా వేలాడుతున్నాయి.

"రాక్... సైకిల్ రాక్."

"ఓస్, అంతేనా! దానికి ఆ చెమటలేంటి సార్, రక్తపరీక్షకి వచ్చినట్టు?"

కొట్టాయనకి మాటలంటే ప్రాణం. ఆయన మొదలెడితే గోడగడియారం కూడా ఆగి వింటుంది. బిల్లుల బల్ల దగ్గర కూర్చున్న ఆయన భార్య మాత్రం వినదు.

"సైకిల్ ఎలాంటిది?"

"పాతది. ఇనుపది. ఇరవై కిలోల పైమాటే."

"ఎంత దూరం?"

"మా ఇంటి నుంచి నూట ఎనభై కిలోమీటర్లు."

"అయితే టాప్ మీద పెట్టే రాక్ వద్దు. అంత బరువు నెత్తికెత్తితే మీ నడుము సెలవుచీటీ పెట్టేస్తుంది. పైగా పైన సైకిలుందని మర్చిపోతారు. మొన్నొకాయన అలాగే మర్చిపోయి షెడ్డులోకి పోనిచ్చాడు. కారు లోపలికెళ్లింది, సైకిలు బయటే ఆగింది. ఆ చప్పుడుకి నాలుగు వీధుల కుక్కలు ఇల్లు మారిపోయాయి!"

"కిందటిసారి రెండు వీధులే" అంది భార్య, తలెత్తకుండా.

"నువ్వుండవే. సార్, డిక్కీ తలుపుకి బెల్టులతో తగిలించే రకం ఉంది. కానీ మీ సైకిల్ బరువుకి దారి పొడుగునా ఊగుతుంది. కారు పెయింటు గీసుకుపోతుంది."

"కారు గీసుకున్నా పర్లేదండీ. సైకిల్‌కి మాత్రం గీత పడకూడదు."

కొట్టాయన ఆ మనిషిని ఎగాదిగా చూశాడు.

"ఈ మాట అన్నవాణ్ణి ఇదే చూడటం. అంత ముద్దా సార్ ఆ సైకిలంటే?"

"అది నాది కాదు. తిరిగి ఇచ్చెయ్యాలి."

"ఓహో, అరువు తెచ్చుకున్నారా. ఎన్నాళ్లయింది?"

"ఇరవై రెండేళ్లు."

భార్య తలెత్తింది.

"అడిగే తెచ్చారా?" అన్నాడు కొట్టాయన, గొంతు తగ్గించి.

"లేదు."

ఆ మనిషి రాక్‌ల వంక చూస్తూ చెప్పాడు, మనుషుల వంక చూడకుండా. "ఉద్యోగం ఇంటర్వ్యూకి టైమైపోయింది. బస్సు దాటిపోయింది. తాళం వెయ్యని సైకిలొకటి కనబడింది. గంటలో తెచ్చి పెట్టేద్దామనుకున్నా. తిరిగొచ్చేసరికి అక్కడ జనం మూగున్నారు. ఆగకుండా తొక్కుకుంటూ పోయా."

"మరి ఉద్యోగం?"

"వచ్చింది. ఇప్పటికీ ఆ కూడే తింటున్నా. ఆ రోజు తర్వాత సైకిల్ మాత్రం ఎక్కలేదు. తుడుస్తా, నూనె పెడతా. అంతే."

భార్య బిల్లులు పక్కన పెట్టింది.

"ఒక్కో ఇంటికి సైకిలే కూడు పెడుతుంది అన్నయ్యా. అది పోయిన మర్నాడు ఆ మనిషి పనికెలా వెళ్లాడో!"

"అదేనమ్మా నన్ను నిద్రపోనివ్వనిది."

"అబ్బ, ఇక చాల్లేవే. పాపం, ఆయన సగం అయిపోయాడు" అన్నాడు కొట్టాయన. "ఇంతకీ సైకిల్ మనిషి ఉన్నాడా సార్?"

"ఉన్నాడు. ఎక్కడుంటాడో ఈమధ్యే తెలిసింది. వెళ్లి దూరం నుంచి చూశా కూడా. చెప్పలేక తిరిగొచ్చా. మంచివాడు. మాటకారి. అది చూశాక ఇంకా సిగ్గేసింది."

"మాటకారా? అయితే మీరు బతికిపోయారు! మాటకారి నాలుగు తిట్టి టీ తాగిస్తాడు. మాట్లాడనివాళ్లతోనే చిక్కు."

కొట్టాయన లేచి, మూల నుంచి బరువైన రాక్ ఒకటి ఈడ్చుకొచ్చాడు.

"మీకు ఇదే. కారు వెనక కొక్కెం బిగిస్తాం, దానికి ఇది తగులుకుంటుంది. సైకిల్ వేలాడదు, తన చక్రాల మీద తనే నిలబడుతుంది. చక్రాలకి బెల్టులు. సైకిల్ కడ్డీని పట్టుకునే ఈ ఒక్క పట్టీ తగిలే చోట రబ్బరు ముక్క చుట్టండి. పది కిలోమీటర్లు పోయాక ఆపి బెల్టులు మళ్లీ బిగించండి. నంబరు ప్లేటు, లైట్లు కనబడాలి సుమా."

"ఒకవేళ ఆ సైకిల్ మీదే అనుకోండి. దీని మీద పంపుతారా?"

"కళ్లు మూసుకుని పంపుతా!"

కొక్కెం బిగించడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఆ మనిషి కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

ఆదివారం పొద్దున నీలం కారు మళ్లీ వచ్చి కొట్టు ముందు ఆగింది. వెనక రాక్ మీద సైకిలుంది. ఉందని ఊహించుకోవాలంతే. పసిబిడ్డని చుట్టినట్టు మూడు దుప్పట్లు చుట్టి తాళ్లతో కట్టాడు.

కొట్టాయన పరుగున బయటికొచ్చాడు. "ఏంటి సార్, ఇంకా ఇవ్వలేదా? రాక్ ఏమన్నా మొండికేసిందా?" వంగి మరలన్నీ తడిమి చూశాడు. "అబ్బే, ఇది ఏనుగునైనా మోస్తుంది!"

"రాక్ బంగారంలా ఉందండీ."

ఆ మనిషి బెల్టులు విప్పి, సైకిల్‌ని రెండు చేతులా ఎత్తి కిందికి దింపాడు. స్టాండు వేశాడు. తాళ్లు విప్పడం మొదలెట్టాడు.

"ధైర్యం చాలక మధ్యలో ఆగిపోయారన్నమాట" అన్నాడు కొట్టాయన జాలిగా. "ఇంకా ఎంత దూరం పోవాలి?"

"వచ్చేశానండీ, ఇది మీ సైకిలే" అన్నాడు ఆ మనిషి, చివరి దుప్పటి లాగేస్తూ.