చొంగ గొంతు

తురిమిన జిగురు కంద గిన్నె ఎదురుగా పెట్టగానే కజితాని చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"మొహమాటపడకు బాబూ. వేడన్నం మీద పోసుకుని జుర్రెయ్యడమే" అన్నారు సుమియే గారు, అతను పెళ్ళాడబోయే ఫుమినో తల్లి.

మోకాళ్ళ మీద కూర్చుని కూర్చుని కజితానికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. మెడకి టై బిగుసుకుంది. ఎదురుగా కాబోయే మామగారు నెగిషి మాస్టారు. కవాగోయెలో సగం ఊరికి కుంచెతో అక్షరాలు రాయడం నేర్పిన మనిషి. గుళ్ళ ముందు పలకల మీద పేర్లు రాసే చెయ్యి. ఆయన వెనక గోడకి ఆయన రాసిందే ఒకే ఒక్క అక్షరం వేలాడుతోంది. 'శుద్ధి' అని దానర్థం.

ఇందాక గుమ్మంలో కజితాని నమస్కారం చెప్పినప్పుడు మాస్టారు ఉలిక్కిపడ్డట్టు చూశారు.

కజితాని నాటకాల మనిషి. నాటకాలు అద్దె కట్టవు. అందుకని గొంతు అమ్ముకున్నాడు, పెద్దలకు మాత్రమే అని రాసి ఉండే ఒక బొమ్మల సినిమాకి. అది హాల్లో ఆడదు, టీవీలో రాదు. నేరుగా క్యాసెట్టుగా షాపుకొస్తుంది. జనం అద్దెకి తెచ్చుకుని, తలుపులేసుకుని చూస్తారు.

అందులో హీరో స్నానశాలలో నీళ్ళు కాచేవాడు. యజమానురాలైన వితంతువుని చూస్తే చాలు, వాడికి ముక్కులోంచి నెత్తురు, నోట్లోంచి చొంగ. ఆవిడ దిగిన తొట్టి అంచు నాకుతాడు. ఆవిడ చెప్పు వాసన చూసి మూర్ఛపోతాడు. కథంతా అదే.

"చాలదయ్యా! పంది కుడితి తాగినట్టుండాలి!" అని అరిచేవాడు డైరెక్టర్. ఆ చప్పుడు కోసం కజితాని నోటినిండా ఈ కంద తురుమే పోసుకుని, మైకు ముందు పుక్కిలించాడు, గుటకలేశాడు, మూలిగాడు. గడ్డం మీంచి చొక్కాలోకి కారేది. రికార్డింగు గది అద్దం అవతల అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఇంటికెళ్ళి ఎంత తోముకున్నా పళ్ళ సందుల్లో ఆ జిగురు పోయినట్టుండేది కాదు. తన గొంతు తనకే ఎంగిలిలా తోచేది.

"ఆ రోత మానేస్తేనే నిన్ను మా నాన్న ముందుకి తీసుకెళ్తాను" అంది ఫుమినో.

మానేశాడు. రెండో భాగం రికార్డింగుకి పిలిస్తే రానని చెప్పేశాడు.

ఇప్పుడు కళ్ళు మూసుకుని గిన్నె ఎత్తాడు. జుర్రుమంది. గొంతులో అడ్డం పడి గుటక చప్పుడు పెద్దగా వినిపించింది.

మాస్టారి చేతిలో చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి. రెప్ప వెయ్యకుండా కజితాని నోటివంకే చూశారు.

"నువ్వు చేసే పనేమిటన్నావు?"

"రేడియో నాటకాలు నాన్నా" పక్కనే కూర్చున్న ఫుమినో అందుకుంది.

"నిన్నడిగానా? అతన్ని చెప్పనీ. ఏమయ్యా, గట్టిగా చెప్పు."

కజితాని గోడ మీది అక్షరం చూశాడు. ఈ ఇంట్లోకి అబద్ధంతో అడుగుపెట్టడం వల్లకాదనిపించింది. ఫుమినో చెయ్యి గిల్లుతున్నా ఆగలేదు. నుదురు చాపకి ఆనించి అంతా చెప్పేశాడు. క్యాసెట్టు పేరు చెప్పాడు. స్నానశాల, వితంతువు, తొట్టి, చొంగ, ఏదీ దాచలేదు.

సుమియే గారు ఏప్రన్ అంచు నోటికడ్డం పెట్టుకున్నారు.

"నువ్వా చేసింది?" అన్నారు మాస్టారు.

"నేనేనండీ. కానీ మానేశాను."

"మానేశావా?" తింటున్న చేపలో పురుగు కనబడ్డట్టు మాస్టారి పెదవి వంకర తిరిగింది.

"పూర్తిగా మానేశానండీ. తలుచుకుంటేనే వాంతొస్తుంది."

"వాళ్ళొచ్చి బతిమాలితే?"

"కాళ్ళు పట్టుకున్నా చెయ్యను మాస్టారూ. ఈ గొంతుని మళ్ళీ ఆ బురదలో ముంచను. మీ మీద ఒట్టు."

"ఛీ!"

మాస్టారు గిన్నె పక్కకి నెట్టేశారు. తురుము బల్ల మీద ఒలికి జిగటగా పాకింది.

"చేసిందంతా చేసి, నా ఇంట్లో కూర్చుని గొప్పగా చెప్పుకుంటున్నావా? సిగ్గనిపించడం లేదూ? నీ మొహం చూడాలంటేనే కంపరంగా ఉంది. లే! ముందు లేచి బయటికి నడు!"

ఆయనే ముందు లేచారు. పక్క గదిలోకి వెళ్ళి తలుపు జర్రున లాగేశారు. ఆ అదురుకి గోడకున్న కుంచెలన్నీ గలగలమన్నాయి.

కజితాని తిమ్మిరి కాళ్ళతో లేవబోయి పడ్డాడు. సుమియే గారు చెయ్యందించారు. "ఏమీ అనుకోకు బాబూ. ఆయనకి కోపమొస్తే ఇంతే. నాలుగు రోజులాగి మళ్ళీ రా."

"రానండీ. మాస్టారి కోపం న్యాయమే. ఆ మురికి నాకు జన్మలో వదలదు." గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

అది చూసి ఫుమినో తట్టుకోలేకపోయింది. పరుగున వెళ్ళి పక్క గది తలుపు లాగింది. మాస్టారు అటు తిరిగి కూర్చుని ఉన్నారు.

"ఎందుకు నాన్నా అంత అసహ్యం? నిజం చెప్పడం తప్పా? దాచాలనుకుంటే దాచేసేవాడే కదా! నీ పరువు కోసమే, వచ్చే డబ్బు కూడా కాదనుకుని మానేశాడు నాన్నా!"

మాస్టారు ఇటు తిరిగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మానేశాడనే కదే నా ఏడుపంతా, రెండో భాగంలో ఆ చొంగ ఇంకెవడో కారిస్తే నేను చూడగలనా!"