పేజీకో పేరు

"కంప్యూటర్లో వర్క్‌స్పేస్ తీసేయమని ఆఫీసు గైడులో ఉంటే తీసేశాను. ప్రాజెక్టు జోలికే పోలేదు సార్!" కొత్తగా చేరిన అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ.

"రెండూ ఒకటేనమ్మా! వారం రోజుల పని బూడిదలో పోశావు. మూటా ముల్లె సర్దుకో," అన్నాడు మేనేజరు.

ఆ గైడు రాసిన పెద్దాయన పక్క సీట్లోంచి లేచి వచ్చాడు.

"తప్పు నాది. ఒకే మాట పదిసార్లు చదివితే మొహం మొత్తుతుందని ప్రాజెక్టుకే పేజీకో పేరు పెట్టాను."

"ఇంట్లో మీ ఆవిణ్ణి కూడా పూటకో పేరుతో పిలుస్తారా?"

"పిలిస్తే గడప తొక్కనిస్తుందా సార్!"

మేనేజరుకు నవ్వాగలేదు. "ఇద్దరూ కూర్చుని గైడు దిద్దండి," అని వెళ్ళిపోయాడు.

పెద్దాయన గైడు తెరిచి, అన్నిచోట్లా తనకు ముద్దొచ్చిన పేరే టైపు చేయబోయి ఆగాడు.

"ఏ పేరు ఉంచుదామో నువ్వు చెప్పమ్మా. చదివి దెబ్బతిన్నదానివి నువ్వే."