కొమ్ముపిడి కత్తి

వరద నీళ్ళు సినిమా హాలు టిక్కెట్ల కిటికీని ముంచిన ఏడు అది. నీళ్ళు తీసి వారం దాటినా కళ్ళద్దాల దుకాణంలో బురద వాసన పోలేదు. అతనికి ఆ వాసన పట్టడం లేదు. వీధి మొగ వైపే చూస్తున్నాడు.

"పార్సిల్ వాడొస్తే నీ కళ్ళకంటే ముందు నా చెవులకే తెలుస్తుంది. వాడి బండి మోత అలాంటిది. కూర్చో తమ్ముడూ!" అంది అక్క. పిలుపుకే అక్క; దుకాణం ఆవిడదే. అందులో కళ్ళద్దాలకు మరలు బిగించడం అతని పని.

వరదకు ముందు అతను తన మడతకత్తిని మరమ్మతుకు పంపాడు. కొమ్ముపిడి కత్తి. ఏటి అవతలి ఊళ్ళో ఒక ముసలాయన ఒక్కడే కూర్చుని చేసే రకం. కత్తులు సేకరించేవాళ్ళు దానికోసం చెవి కోసుకుంటారు.

"ఇంతకీ దానికొచ్చిన జబ్బేంటి?"

"మర వదులైంది. పిడిలో అలుగు ఊగుతోంది."

"పొద్దస్తమానం మరలు బిగించేవాడివి! వెన్న చేతిలో పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరిగినట్టుంది."

"చేసినాయన చెయ్యే పడాలక్కా. పరాయి చెయ్యి పడితే విలువ పోతుంది. ఎలాగూ గ్యారంటీ ఉంది."

"ఎన్నాళ్ళు?"

"బతికున్నంత కాలం."

"ఎవరు? నువ్వా, కత్తా?"

"చేసినాయన."

అక్క పకపకా నవ్వింది. "బాగుంది బేరం! పోయినేడూ పంపావు, అంతకుముందూ పంపావు. అదీ నా పేరు మీద. ఇదెవతిరా నాయనా, కత్తితో బండలు కొడుతోందా అని ఆ ముసలాయన నన్ను తిట్టుకుంటూ ఉంటాడు."

"దుకాణం పేరైతే తొందరగా చేస్తారని..." నసిగాడతను.

"పోనీ, ఓ ఫోను కొట్టరాదూ?"

"ఫోనులో మాట్లాడే మనిషి కాదాయన."

అవతలి ఊళ్ళో ఏటిగట్టు వీధులు కొట్టుకుపోయాయని ఎవరో అన్నప్పటినుంచి అతనికి తిండి సయించడం లేదు. చేతిలో మర జారి కింద పడింది. వెతకను కూడా లేదు.

"కత్తి పోతే పోయిందిలే. ఇనుపముక్కే కదా, మనిషి కాదుగా," అంది అక్క.

అతను మళ్ళీ వీధి మొగ వైపు చూశాడు.

అంతలో బండి మోత వినబడింది. పార్సిల్ అక్క చేతికి అందీ అందకముందే అతను లాక్కున్నాడు. పొట్లం విప్పాడు. కత్తికి నూనె రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. తెరిచాడు, మడిచాడు. అలుగు కదల్లేదు. భూతద్దం కింద పెట్టి మర తల చూశాడు.

"ఆయన చెయ్యి వణకలేదక్కా! ఎక్కడా గీతే పడలేదు!"

"అందుకు కళ్ళు తుడుచుకోవడమెందుకు? అద్దాలు కావాలంటే చెప్పు, సగం ధరకిస్తా."

అతను ఫక్కున నవ్వాడు. గుండెల మీది కుంపటి దిగింది. ఆ పూట తన అన్నం డబ్బా ఖాళీ చేసి, అక్క డబ్బాలో చెయ్యి పెట్టాడు.

"తిను, తిను. తిని ఆ కత్తిని బీరువాలో పెట్టి తాళం వేసుకో. మళ్ళీ నా పేరు మీద పంపావో, ఊరుకోను!"

"అలాగే అక్కా."

మర్నాడు పొద్దున్నే దుకాణం తెరిచి, కత్తికి నాన్న బిగించిన మరను మళ్ళీ వదులు చేశాడు.