పలకకు బెదరని గుర్రం

పలక మీద మొదటి దెబ్బ పడగానే మల్లి ముందుకాళ్లు రెండూ గాల్లోకి లేచాయి.

దాని వీపు మీదున్న భానుప్రియ జారి మట్టిలో పడింది.

తోట కంచె అవతల, రోడ్డుకు ఆ పక్కన, నెరిసిన గడ్డం మనిషి ఒకడు చంకకు పలక, అంటే డప్పు, తగిలించుకుని నిలబడి ఉన్నాడు. పక్కనే మామిడాకుల మంట ఇంకా పొగ కక్కుతోంది. పెళ్లికైనా చావుకైనా కొట్టే ముందు పలకను అలాగే మంటకు కాచి బిగువెక్కిస్తారు. కానీ ఆ పొద్దున పూతలపట్టులో పెళ్లీ లేదు, చావూ లేదు.

"ఎవురప్పా నువ్వు? ఈడెందుకు కొడతా ఉండావు?" భానుప్రియ బట్టలు దులుపుకుంటూ అరిచింది.

"గుర్రం కోసరమేమ్మా. నేను..."

"మునిశేఖర్ పంపినాడా?"

ఆయన ఆమెనూ గుర్రాన్నీ మార్చి మార్చి చూశాడు.

"పంపినాడనే అనుకో," అన్నాడు.

అనుకోవడమేమిటి, ఆమె గట్టిగా నమ్మేసింది.

మునిశేఖర్ పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను తోలే కాంట్రాక్టరు. మల్లి అతని దగ్గర ఏళ్ల తరబడి పలకకు ఆడిన గుర్రం. మూతి రెండు కొసల్లోనూ మానిన గాట్లున్న ఆ గుర్రాన్ని భానుప్రియ పట్టుబట్టి నాయన చేత కొనిపించింది. మళ్లీ ఆడించడానికి కాదు, వెస్ట్రన్ ప్లెషర్ అనే స్వారీకి. అందులో గెంతులుండవు, పరుగుపందెం ఉండదు. పగ్గం వదులుగా వేలాడుతుండాలి, గుర్రం తల దించుకుని తాపీగా నడవాలి. చూసేవాళ్లకు అబ్బ, ఎంత హాయిగా ఉందో అనిపించాలి.

ఊరు ఊరంతా నవ్వింది. ఆడే గుర్రానికి నడక నేర్పుతుందట!

నాయన గుణశేఖర్ నవ్వలేదు కానీ గడువు పెట్టాడు.

"తిరపతిలో పోటీ ఉండాది గదా. ఆ పొద్దు అది నెమ్మదిగా నడిస్తే సరి. లేదంటే మునిశేఖర్‌కే తోలేస్తా. ఆయప్ప అడగతానే ఉండాడు."

మర్నాడు కూడా మంట లేచింది. ఆ పొగ వాసనకే మల్లి వణికిపోయింది.

"లోపలికి తోలుకొచ్చేయ్ పాపా. ఆ పలకాయన్ని నేను తరిమేస్తా," అన్నాడు గుణశేఖర్.

"వద్దు నాయనా. వీడు కొట్టేదానికి నేను దిగితే మునిశేఖర్ గెలిచినట్టే. కొట్టనీ. చేతులు నొప్పెత్తి వాడే పోవల్ల. నేను మాత్రం పోను!"

మల్లి ఎగిరినప్పుడల్లా పగ్గం గుంజాలని భానుప్రియ చెయ్యి ఆరాటపడేది. పళ్లు బిగబట్టి ఊరుకునేది. గుంజితే మునిశేఖర్‌కూ తనకూ తేడా ఏముంది? మెడ నిమిరి, మళ్లీ నడిపించేది. ఎన్నిసార్లు కింద పడిందో ఆమె ఒంటికే తెలుసు.

పలకాయనేమో రోజురోజుకూ దగ్గరికి జరిగాడు. రోడ్డు దాటాడు, కాలువ దాటాడు, చివరికి కంచె దగ్గరికే వచ్చి నిలబడ్డాడు.

ఎంత పొగరు! భానుప్రియకు ఒళ్లు మండిపోయింది.

"అంతేనా? అన్నం తిన్లేదా? గట్టిగా కొట్టప్పా!"

ఆయన నవ్వి గట్టిగా కొట్టాడు. మధ్యలో దగ్గు తెర ముంచుకొస్తే కంచె పట్టుకుని ఆగాడు. తగ్గాక మళ్లీ కొట్టాడు.

ఒక పొద్దున, పలక మోగుతూనే ఉండగా, మల్లి మెల్లగా తల దించింది. పగ్గం వదులుగా ఊగుతుంటే ఆయన ముందు నుంచే తాపీగా నడిచి వెళ్లింది.

"సూసినావా? పోయి మీ మునిశేఖర్‌కు సెప్పుకో!"

ఆయన పలక దించి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. మర్నాటి నుంచి రాలేదు.

"తోక ముడిచినాడు," అంది భానుప్రియ. ఆ రోజు ఆమెకు అన్నం కూడా రుచిగా ఉంది.

తిరుపతి పోటీలో, సరిగ్గా గుర్రాలు బరిలో తిరుగుతున్నప్పుడు ముఖ్య అతిథి వచ్చాడు. స్వాగతానికి పిలిచిన పలకలన్నీ ఒక్కసారిగా మోగాయి. మిగతా గుర్రాలు బెదిరి చెల్లాచెదురయ్యాయి. మల్లి ఒక్క చెవి అటు తిప్పింది, అంతే. తన నడక తాను నడిచింది.

"ఇంక ఇది మన గుర్రమే పాపా," అన్నాడు గుణశేఖర్, మల్లి వీపు తడుతూ.

మొదటి బహుమతిగా మల్లి మెడలో వేసిన నీలం రిబ్బను చేతికి చుట్టుకుని భానుప్రియ నాయనను పొరుగూరు ఐరాల వైపు తీసుకెళ్లింది. పలకాయన పేరు జయరావనీ, ఇల్లు అక్కడేననీ టీ అంగట్లో చెప్పారు. రిబ్బను ఆయన కళ్ల ముందు ఆడించి కానీ ఇంటికి పోకూడదని ఆమె పంతం.

గడపలో ఆయన భార్య గురవమ్మ కూర్చుని ఉంది. వెనక గోడకు పలక వేలాడుతోంది.

"లేడు బిడ్డా. దగ్గు ముదిరి పొయ్యినాడు. పోయిన వారమే మట్టి చేసినాము."

భానుప్రియ రిబ్బను వెనక్కి దాచుకుంది. "మునిశేఖర్ పంపితే మా తోట కాడికొచ్చి కొట్టేటోడు..."

"మునిశేఖరా? ఆ గడప తొక్కి శానా కాలమాయ. పలక మోగినా నొప్పి రాదని గుర్రానికి తెలియల్లని వచ్చేటోడు."

"ఆ మాట నాతో సెప్పుండొచ్చు గదా!"

"సెప్పబోతే ఇన్లేదంట గదా నువ్వు. ‘ఆ పాప రోసంలో ఉండాది గురవమ్మా, రోసంలో ఉన్నంతసేపూ దిగదు, అదే మంచిది’ అని నవ్వుకున్నాడు."

గురవమ్మ గోడ మీది పలక వైపు చూసింది.

"‘నా పలకకు మల్లి ఆడతా ఉండాదనుకుంటి, కాదు, మునిశేఖర్ ముళ్ల కళ్లెం గుంజితే నోట్లో రత్తం కారి ఎగరతా ఉండాది’ అని నడివీధిలో పెళ్లి ఊరేగింపు నిలిపేసి, సచ్చేదాకా ఇంక పలక ముట్టనని ఒట్టేసుకొని వచ్చినోడు బిడ్డా ఆయప్ప."