శనివారం రొట్టెలు

“నాకొద్దు.”

సంఘ పెద్ద అలస్డేర్ చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ చేతిలోని సీసపు బిళ్ళ ఉంటేనే రేపు ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల దగ్గర కూర్చోనిస్తారు. లూయిస్ దీవిలో ఆ బిళ్ళ దక్కక ఏడ్చినవాళ్ళున్నారు గాని, ఇస్తుంటే వద్దన్నవాడు టోర్మడ్ ఒక్కడే.

“పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరసేమిటోయ్? తాగవు, ఒకరిని తిట్టవు, ఆదివారం నాడు బావిలో నీళ్ళు కూడా తోడవు. నీకంటే యోగ్యుడెవడున్నాడీ ఊళ్ళో?”

“శిష్యుడై ఉండీ పేతురు ప్రభువును ఎరగనన్నాడు. కానీ బయటికెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకా ఏడుపు కూడా రాలేదండీ,” అని టోర్మడ్ చర్చి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వరసలో వెనకున్న ఎఫీ చెయ్యి చాచింది. “వాడి బిళ్ళ ఇటివ్వండి. నేనిస్తాను.”

“అది పద్ధతి కాదమ్మా.”

“వద్దన్నవాణ్ణి వదిలెయ్యడం మాత్రం పద్ధతా? ఇవ్వండి.”

ఎఫీ అంటే రోరీ భార్య. రోరీ, టోర్మడ్ ఒకే పడవ మీద చేపల వేటకెళ్ళేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళ కిందట ఓ తుఫానులో రోరీ నీళ్ళలో పడ్డాడు. అతని నడుముకీ పడవకీ కట్టిన తాడు తెగిపోయిందని, ఒంటరిగా తిరిగొచ్చిన టోర్మడ్ చెప్పాడు. అప్పట్నుంచీ తాడు కనబడితే చాలు, మొహం తిప్పేసుకుంటాడు. పడవ అమ్మేశాడు. అయినా గాలి లేచిన రోజున, కూర్చున్న బల్ల అడుగున, నీళ్ళలోంచి పడవని తట్టినట్టే, ఎవరో మూడుసార్లు తట్టినట్టు వినిపిస్తుంది. పాపం, పేరుకే బతికున్నాడు.

ఆ సాయంత్రం, ప్రతి శనివారంలాగే, ఎఫీ బుట్టతో టోర్మడ్ ఇంటికి వచ్చింది. బార్లీ రొట్టెలు, కాల్చిన చేపలు. ఆమె బుట్టకి చుట్టిన తాడు విప్పి ఒళ్ళో దాచుకునేదాకా టోర్మడ్ కిటికీలోంచి సముద్రాన్నే చూస్తూ కూర్చున్నాడు. అది అలవాటే.

“వదినా, ఇంక నాకు రొట్టెలు తేకు.”

“ఏం? ఉప్పెక్కువైందా?”

“నీ చేతి రొట్టె తింటుంటే గొంతులో ముల్లు దిగినట్టుంటుంది. ఇక నావల్ల కాదు. ఆ రోజు...”

“ముందు తిను. ఒడ్డుకొచ్చిన పేతురుకి ప్రభువేం చేశాడు? నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, తినమన్నాడు. అడిగేది తర్వాత అడిగాడు.”

టోర్మడ్ బల్ల మీద గుద్దాడు. “ఆయన అన్నీ తెలిసి పెట్టాడు! నీకేం తెలుసని పెడుతున్నావు? తెలిస్తే ఈ గడప తొక్కుతావా?”

ఎఫీ రొట్టెను అతని ముందుకి జరిపింది. సీసపు బిళ్ళను రొట్టె పక్కన పెట్టింది. తర్వాత ఒళ్ళోని తాడు తీసి అతని ముందు పరిచింది. టోర్మడ్ మొహం తిప్పుకోబోయాడు.

“చూడు,” అంది.

నల్లబడిన పాత తాడు. ఒక కొస కత్తి గాటులా చదునుగా ఉంది; దాని పీచు లేవకుండా, భద్రంగా దారం చుట్టి ఉంది.

“ఒడ్డుకి కొట్టుకొచ్చిన రోరీ శవం దగ్గరికి ముందు చేరింది నేనే. నలుగురూ వచ్చేలోగా ఈ తాడు నడుము నుంచి విప్పి దాచేశాను,” అంది ఎఫీ. “తెగిన తాడు కొస ఇంత నున్నగా ఉంటుందా, టోర్మడ్? తిను, చేప చల్లారిపోతోంది.”