రెండు పెట్టెల ప్లాట్‌ఫాం

తనెయో ఇంజనీరుగారి సంచి సర్దుతోంది. కోపంగానే సర్దుతోంది.

దారిలో తినడానికి అన్నం ముద్దలు కట్టింది కానీ, వాటిలో ఊరవేసిన పండు పెట్టలేదు.

ఆమె సత్రంలో పది రోజులు తిని, ఊరంతా కొలిచి, ఇంజనీరు కురాతా చివరికి రాసింది ఇదీ: చిన్న స్టేషను చాలు. ప్లాట్‌ఫాం రెండు రైలు పెట్టెల పొడవు. అదీ యుద్ధం అయ్యాకే.

"రెండు పెట్టెలా?" సారా కొట్టు మురాయి గుమ్మంలోనే అందుకున్నాడు. "మూడో పెట్టెలో కొత్త పెళ్ళికూతురు వస్తే పొలంలోకి దూకాలా, ఇంజనీరుగారూ?"

"పెద్ద స్టేషను చాలా దూరానికి కనబడుతుందండీ."

"కనబడాలనేగా మా ఏడుపు."

అతని వెంట వచ్చిన ఊరివాళ్ళందరూ నవ్వారు. కురాతా ఇంకేదో అనబోయి, గోడమీద 'మాట జారకు' అన్న జపాను సైన్యం పోస్టరు చూసి ఊరుకున్నాడు.

మురాయి అర్జీ చాపాడు: ఎనిమిది పెట్టెల ప్లాట్‌ఫాం, చెర్రీలు పూసేనాటికి.

అందరికన్నా ముందు తనెయో ముద్ర వేసింది. పెద్ద స్టేషనైతే కూతురు ఫుమియేకి అందులోనే ఉద్యోగం. ఉన్న ఒక్క పిల్లనీ దూరపు ఫ్యాక్టరీకి పంపక్కర్లేదు.

సంచి అడుగున గుడ్డలో చుట్టిన ఇనుప వస్తువు చేతికి తగిలింది. టికెట్లకు చిల్లు వేసే కత్తెర. నల్లగా కాలి, నోరు అతుక్కుపోయి ఉంది.

"ఈ తుప్పు ముక్క కూడా మొయ్యాలా?"

"మావాడిదమ్మా. చైనాలో, మన రైల్వేలో చేసేవాడు."

"పెద్ద స్టేషనా?"

"పెద్దదే. నేనే కట్టించాను."

"మీ అబ్బాయికైతే పెద్దది. మా పిల్లకైతే రెండు పెట్టెలు."

కురాతా నడుం వంచి నమస్కరించి, సంచి అందుకుని వెళ్ళిపోయాడు.

ఊరు కోరినంత స్టేషనే వచ్చింది. కోరిన వేళకే వచ్చింది. ఫుమియే నీలం టోపీతో గేటు దగ్గర నిలబడేది. ఆమె కత్తెర చప్పుడు తనెయో వంటింట్లోకి వినబడేది.

మూడో వేసవిలో విమానాలు వచ్చాయి. పక్క రెండు ఊళ్ళనూ దాటుకుని, ఎనిమిది పెట్టెల ప్లాట్‌ఫాం మీదికి వంగాయి.

సాయంత్రం స్టేషన్ మాస్టరు గుడ్డలో చుట్టి ఏదో తెచ్చిచ్చాడు. విప్పకముందే తనెయో ఆ బరువు గుర్తుపట్టింది.

"పక్క ఊళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదమ్మా," అన్నాడాయన తల దించుకుని. "అక్కడివి చిన్న స్టేషన్లు. కురాతా అని ఎవరో ముసలి ఇంజనీరట, కొడుకు పోయాక ఊరూరా తిరిగి చిన్నవే రాశాడట."

వంటింట్లో ఇప్పటికీ ఆ చప్పుడు వినబడుతూనే ఉంటుంది.

యుద్ధం ముగియడానికి ముప్పై రెండు రోజుల ముందు, జులై పద్నాలుగు ఉదయం డ్యూటీకి వెళ్ళిన ఫుమియే తిరిగి రాలేదు.